మా చుట్టింటి చూరు

మా తాత చుట్టింట్లోకి ఎవరు రావాలన్నా నడుం వంచుకునే రావాలి. మునసబు గారైనా, కొత్తల్లుడిగా వచ్చిన మా నాన్న అయినా అంతే. కప్పు అంత కిందికి దిగి ఉండేది. పెద్దవాళ్లకి చూరు గుండెల దాకా వస్తే, పిల్లలం దాని కిందనుంచి తల ఎత్తుకునే పరుగెత్తేవాళ్లం. ఒక వేసవి సెలవుల్లో అలాగే పరుగెత్తితే తాటాకు మొన నా నుదుటిని చీరింది. అమ్మమ్మ పసుపు అద్దింది గానీ ఓదార్చలేదు. "మా గుంటడు ఎదిగీసినాడు" అని వీధంతా చెప్పుకొచ్చింది.

ఊరు భీమిలికి ఉత్తరాన. గోస్తని సముద్రంలో కలిసే చోటు దాటి, సరుగుడు తోటల వెంట ఇసక బాటలో పోతే వచ్చేది. 1970ల చివరి మాట ఇది. అప్పట్లో విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా తీరం వెంట చాలా పల్లెల్లో చుట్టిళ్లు గుంపులు గుంపులుగా ఉండేవి. మేం ఉండేది విజయనగరంలో, అద్దె డాబాలో. ఆ డాబాలో వేసవి మధ్యాహ్నం అరికాళ్లు కాలేవి. చుట్టింట్లో మట్టినేల మీద చాపైనా లేకుండా పడుకుంటే ఒళ్లు చల్లబడేది. సెలవులిచ్చిన మర్నాడే బస్సెక్కించమని అమ్మ ప్రాణం తీసేవాళ్లం.

గోడ గుండ్రంగా ఉండేది, మట్టిది. మట్టి తొక్కి, గడ్డి కలిపి, మూరెడు ఎత్తు పెట్టి ఆరనిస్తారు. ఆరాక దాని మీద ఇంకో వరస. గోడ మీద తాటిపట్టెలు పరిచి మట్టి మెత్తితే అటక. ఆ అటకని కప్పుతూ పైన తాటాకు కప్పు. వేసవిలో నిప్పు లేచి కప్పు కాలిపోయినా, మట్టి అటక కింద ఉన్న గింజలూ పెట్టెలూ చాలావరకు దక్కేవి. కప్పు బరువంతా గోడ మీదే వేసేవారు కాదు. గోడకి రెండు మూరల అవతల చుట్టూ పొట్టి గుంజలు పాతి ఉండేవి. వాసాలు పైన ఒక్కచోట ముడిపడి, గోడని ఆనుకుని కిందికి జారి, ఆ గుంజల మీద ఆగేవి. గోడకీ గుంజలకీ మధ్య మిగిలిన చోటులో మేకలు, పిడకలు, నాగలి, వానొస్తే మేము.

పాలిటెక్నిక్‌లో ఇంటి కప్పుల పాఠం విన్నాక ఆ గుండ్రంలో ఉన్న తెలివి నా బుర్రకెక్కింది. పెనుగాలి కప్పుని నడిమధ్యన నొక్కి పడగొట్టడం తక్కువ. అంచుల దగ్గర పట్టుకుని పైకి లాగుతుంది. చూరు, కొప్పు, మూలలు, పక్కగోడ మీద కప్పు తెగిపోయే వార, ఈ చోట్లలో ఆ లాగుడు ఎక్కువ. పెంకుటిల్లయినా రేకుల షెడ్డయినా ముందు లేచేది అంచు వరసే. అది లేచిందంటే వెనకది ఒంటరిదైపోతుంది, దాని వెనకది ఇంకా. చుట్టింటికి మూలలు లేవు, పక్కవార లేదు, పొడుగాటి కొప్పూ లేదు. పైన ఒక ముడి, కింద చుట్టూ తిరిగే చూరు. కాపాడుకోవలసిన అంచులు ఆ రెండే. ఆ రెంటినీ కాపాడింది నార, వెదురు, గడ్డి, ఒక కుండ. సున్నం గానీ సిమెంటు గానీ పిసరంత లేదు.

రెండు మూడేళ్లకోసారి కప్పు నేయాలి. తాటాకు కొట్టగానే కప్పు మీద వేయడానికి పనికిరాదు. విచ్చుకున్న ఆకుని నేల మీద పరిచి, కాలితో తొక్కి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రాళ్లు ఎత్తేవారు. కొన్నాళ్లకి ఆకు చదునై, పచ్చదనం వదిలి, చేత్తో ఎత్తితే తేలిగ్గా లేచేది. చైత్రంలో నేత. తాత, మావ, ఇరుగుపొరుగు మగవాళ్లు. చేతికి డబ్బు ఇచ్చేది తక్కువ. పొద్దున్న చోడంబలి, మధ్యాహ్నం ఎండుచేపల పులుసుతో అన్నం. వాళ్లింటి నేతకి మనం వెళ్లాలి, మనింటి నేతకి వాళ్లు వస్తారు.

పాత కప్పు విప్పిన రోజు ఇల్లు చూడ్డానికి భయంగా ఉండేది. వాసాలు బయటపడి, అటక మీద ఎండ పడి, ఏళ్ల తరబడి పట్టిన పొగమసి అంతా కనబడేది. విప్పిన ఆకులోంచి జెర్రులు, తేళ్లు, ఒకోసారి పాము. కోళ్లకి ఆ రోజు పండగ.

నేత చూరు దగ్గర మొదలై పైకి పోతుంది. కింది వరస మొదళ్ల మీద పై వరస కొనలు ఎక్కి కూచోవాలి కదా. మిగతా వరసలు ఎవరైనా వేయొచ్చు గానీ మొదటి వరసకి తాత చెయ్యి పడాల్సిందే. గుంజల మీద చుట్టూ వంచి కట్టిన వెదురు బద్ద ఒకటి ఉంటుంది. దాని మీద ఆకుల్ని రెండు పొరలు వేసేవాడు, ఒక పొర సందుల మీద రెండో పొర వచ్చేలాగ. కొన జానెడు మేర బద్దని దాటి బయటికి వేలాడాలి. తక్కువైతే చూరునీళ్లు గుంజ మీద పడి కర్ర పుచ్చిపోతుంది. ఎక్కువైతే గాలి చేతికి కొస దొరుకుతుంది. తర్వాత ఆకు మీదనుంచి ఇంకో బద్ద పెట్టి, లోపలి బద్దకీ దీనికీ మధ్య ఆకుని నొక్కి కుట్టేస్తారు. నిజంగా కుట్టడమే. వెదురు చెక్కి చేసిన మూరెడు సూది, దాని బెజ్జంలో తడిపిన తాటినార. ఎండు నార వంచితే విరుగుతుంది, అందుకని నార కట్ట పొద్దున్నుంచి కుండలో నానుతూ ఉండేది.

తాత బయట, నేను చూరు కింద. సూదిని అందుకుని తిరిగి పంపే పని ఊళ్లో ఎప్పుడూ పిల్లలదే. పెద్దవాళ్లు ఆ సందులో పట్టరు. చీకటి, కళ్లలో పాత ఆకు నుసి, మెడ మీద చెమటకి అంటుకున్న దుమ్ము. సూది ఎక్కణ్ణుంచి వస్తుందో తెలీదు. ముందు ఎండాకు గరగరమంటుంది, తర్వాత మొన కనబడుతుంది. దాన్ని పట్టి లాగి, నారని బద్ద కిందుగా తిప్పి, రెండు వేళ్లు పక్కకి జరిగి మళ్లీ బయటికి పొడవాలి. కాస్త ఆలస్యమైతే పైనుంచి కేక: "ఒరే గుంటడా, నిద్రోతన్నావేటి?" సూది మరీ జోరుగా వస్తే అరచెయ్యి గీరుకుపోయేది. గీరుకున్నానని చెబితే ఆ పని మా తమ్ముడికి పోతుంది గనక చెప్పేవాణ్ని కాదు.

చుట్టూ కట్టడం అయ్యాక తాత చూరు అంచుని రెండు చేతులతో పట్టుకుని ఊపేవాడు. ఆకు కదలాలి. ఎక్కడైనా బిర్రుగా ఉండిపోతే ముడి విప్పించి మళ్లీ కట్టించేవాడు. "ఆడాల, ఊడకూడదు" అనేవాడు. మావకి ఇది నచ్చేది కాదు. ఒళ్లంతా పులిసిపోయేలా బిగించి కట్టినదాన్ని మళ్లీ వదులు చెయ్యడం ఏంటని సణుక్కుంటూనే విప్పేవాడు. తాత మాత్రం వివరం చెప్పే రకం కాదు. ఊపి చూపించి ఊరుకునేవాడు.

పైకి పోయేకొద్దీ చుట్టు చిన్నదై, వరసకి పట్టే ఆకులు తగ్గుతాయి. చివరికి వాసాల ముడి మీద మొన ఒకటి మిగులుతుంది. అక్కడ ఆకు ఎటు తిప్పి వేసినా వాన దిగుతుంది. అందుకని రెల్లుగడ్డి మోపు ఒకటి నిలబెట్టి, దాని కాళ్లు చుట్టూ కిందికి విడదీసి పరిచి, మెడ దగ్గర గడ్డితాడుతో బిగించేవారు. ఆ మెడ మీద పెద్ద మూతి ఉన్న పాతకుండ బోర్లించడంతో నేత అయిపోయినట్టు. వాన కుండ మీద పడి గడ్డి మీదికి, గడ్డి మీదనుంచి ఆకు మీదికి జారిపోతుంది. కుండ పగిలితే ఇంకో కుండ. దాన్ని పట్టుకుని నిచ్చెన ఎక్కడానికి ఊళ్లో పెళ్లికాని కుర్రాళ్లంతా పోటీపడేవారు. ధైర్యం అనుకునేవాణ్ని. ఊరి మంచినీళ్ల బావి ఆ ఎత్తునుంచి బాగా కనబడుతుందని మావ పెళ్లయ్యాక అత్తే చెప్పింది.

ఇంట్లో బీరువా లేదు, చూరే మాకు బీరువా. ఆకుకీ బద్దకీ మధ్య దూర్చగలిగినవన్నీ అక్కడే ఉండేవి. తాత కొడవలి గుమ్మానికి కుడిపక్క. దువ్వెన, దబ్బనం, పళ్లపుల్లలు, రేషను కార్డు, మిలట్రీలో ఉన్న పెద్దమావ రాసిన ఇన్లాండు ఉత్తరాలు. తాత చదువుకోలేదు గానీ ఏ ఉత్తరం ఎప్పుడొచ్చిందో ఆకు సందుని బట్టి చెప్పేవాడు. అమ్మమ్మ చుట్టలు ఉత్తరం వైపు. ఆవిడ నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది, ఆ వైపు ఆడవాళ్లు చాలామందికి అలవాటే. తాటాకు చూరు కింద కూచున్న మనిషి నిప్పుని నోట్లోనే దాచుకోవడం కన్నా క్షేమమైన పద్ధతి లేదని, అడ్డపొగ అలాగే పుట్టి ఉంటుందని నా సొంత సిద్ధాంతం. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు. దేనికోసమైనా చూరులో చెయ్యి పెట్టేముందు కర్రతో రెండుసార్లు తట్టాలని మాకు నడక వచ్చినప్పుడే నేర్పారు. లోపల తేలు ఉంటే జరగనివ్వాలి.

వీధి చివర షావుకారు గారి పెంకుటిల్లు ఉండేది. రెండు వాలుల కప్పు, బెంగుళూరు పెంకు. పేరుకి బెంగుళూరే గానీ ఆ పెంకు మన దేశంలో మొదలైంది మంగుళూరులో. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు నేత్రావతి ఒడ్డున జెప్పులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. అంతకుముందు 1841లో ఆల్సేస్‌లో గిలార్డోనీ సోదరులు ఒకదాని గాడిలో ఒకటి కూచునే పెంకుకి పేటెంటు తీసుకున్నారు. ఆ జాతి పెంకే ఇది. తయారీలో ఎంతో ఆలోచన ఉంది. అడుగున ఉన్న ముక్కు రీపరుకి తగులుకుంటుంది, పక్క అంచు పక్కపెంకు గాడిలో దూరుతుంది. కప్పు నడుమ ఎక్కడా ముద్ద పెట్టి అతకాల్సిన పని లేదు. కొప్పు దగ్గరికీ పక్కవార దగ్గరికీ వచ్చేసరికి ఆ తెలివి ఆగిపోతుంది. దూరడానికి అవతల గాడి ఉండదు. అక్కడ మేస్త్రీ మొదట్లో సున్నం, తర్వాత్తర్వాత సిమెంటు ముద్ద పెట్టి కొప్పుపెంకులు అతికేవాడు.

తొలకరి ముందు ఆ ఇంటి కప్పు మీద మేస్త్రీ కనబడని ఏడు నాకు గుర్తు లేదు. కప్పులో కర్ర వానకి ఉబ్బుతుంది, ఎండకి కుదించుకుంటుంది. గట్టిపడ్డ సిమెంటు దాంతోపాటు కదలలేదు. మధ్యలో వెంట్రుకవాసి చీలిక వస్తుంది. అందులోకి నీళ్లు, మళ్లీ ఎండ, మళ్లీ నీళ్లు. "ఏటేటా అతికించుకోడానికి ఇదేటి ఇల్లు" అని షావుకారు గారి భార్య అమ్మమ్మ దగ్గర విసుక్కునేది. అమ్మమ్మకేమో ఆ పెంకుటిల్లంటే ప్రాణం. నిప్పు భయం లేదు, మూడేళ్లకోసారి ఊరందరికీ వండిపెట్టే నేత లేదు, పట్టపగలు బియ్యంలో రాళ్లు ఏరుకోడానికి వెలుతురు ఉంటుంది. ఆవిడ లెక్క తప్పని నేననను. చుట్టింట్లో వంట చేసిన మనిషి ఆవిడ. సెలవులకొచ్చి చల్లటి నేల మీద దొర్లిన వాణ్ని నేను.

ఒక ఏడు జ్వరం తగిలి, దసరా సెలవులు అయిపోయినా నేను ఊళ్లోనే ఉండిపోయాను. కార్తీకం వచ్చింది. ఒక మధ్యాహ్నం రేడియోలో తుపాను హెచ్చరిక. మావ జాలరిపేటకి పరుగెత్తి చిరిగిన పాతవల ఒకటి భుజాన వేసుకొచ్చాడు. ఇద్దరు చెరోవైపు నిలబడి దాన్ని కప్పు మీదుగా పరిచారు. తాత వల అంచు పొడుగునా రాళ్లు కట్టి చూరు కింద వేలాడదీశాడు. గుంజకి కట్టేయొచ్చు కదా అని మావ అంటే, ఆ ఒక్కసారి మాత్రం తాత జవాబిచ్చాడు. "గుంజకి కడితే గుంజ వొచ్చీస్తాది. రాయైతే లేస్తాది, మల్లీ దిగుతాది."

ఆ రాత్రి అందరం గోడకి ఆనుకుని కూచున్నాం. మేకల్ని కూడా లోపలికి తెచ్చేశారు. చూరు లేస్తూనే ఉంది, దిగుతూనే ఉంది. లేచి దిగినప్పుడల్లా రాళ్లు గుంజలకి తగిలి టకటకమనేవి. కాసేపటికి అమ్మమ్మ ఆ చప్పుడునే లెక్కపెట్టుకుంటూ కూచుంది. చప్పుడు వినబడుతున్నంతసేపూ కప్పు ఉన్నట్టే కదా. ఇంటి పైన కుండ పగిలిన సంగతి మాత్రం ఎవరికీ వినబడలేదు. ముడి దగ్గర రెల్లుగడ్డి తడిసి అటక మీదికి ధార కట్టాక తెలిసింది.

పొద్దున్న చూస్తే తూర్పువైపు ఆకు చిరిగి పీలికలై వేలాడుతోంది గానీ, కుట్టు దగ్గర ఒక్క ఆకూ ఊడలేదు. ఊళ్లో చుట్టిళ్లన్నీ అలా లేవు. నేత పాతబడ్డవి బోడిగోడలతో మిగిలాయి, గోడ నాని కూలిపోయినవీ ఉన్నాయి. షావుకారు గారి కొప్పుపెంకులు సిమెంటు ముద్దలతో సహా వీధిలో పడి ఉన్నాయి. నేనొకటి ఎత్తి చూశాను. ముద్ద పైపెంకుకి గట్టిగానే అంటుకుని ఉంది. వదిలేసింది కింది పెంకుని. అతుకు పెట్టిన అడుగువైపు చదునుగా, శుభ్రంగా ఉంది, ఎప్పుడూ దేనికీ అంటుకోనంత శుభ్రంగా. పక్కవార వెంట కొన్ని వరసలు లేచిపోయాయి. నడుమ పెంకులు ఏ ముద్దా లేకుండానే ఉన్నచోట ఉన్నాయి.

ఆ ఇంటి వార పెంకులు మళ్లీ వేసింది మావే. పెంకు అడుగున ముక్కుకి సన్నటి బెజ్జం ఉంటుంది, తీగ కట్టుకోడానికి. మా ఊళ్లో అప్పటిదాకా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మావ అంచు పెంకుల్ని ఒక్కొక్కటే ఇనపతీగతో రీపరుకి కట్టుకుంటూ పోయాడు. కట్టి, చేత్తో పట్టుకుని ఊపి చూశాడు. కింద నిలబడ్డ తాత ఏమీ అనకుండా చుట్ట వెలిగించుకున్నాడు. కొప్పు మీద మాత్రం మేస్త్రీ వచ్చి మళ్లీ సిమెంటే పెట్టాడు. అది ఆయన పని, ఇంకొకరు చెప్పేది కాదు.

చాలా ఏళ్ల తర్వాత నా ఉద్యోగంలో భాగంగా బ్రిటన్ కప్పుల ప్రమాణం, బీఎస్ 5534, చదవాల్సొచ్చింది. 2014లో దాన్ని సవరించి, కొప్పు పెంకుల్నీ వార పెంకుల్నీ ఒట్టి సిమెంటుతో అతికితే సరిపోదు, మర గానీ క్లిప్పు గానీ ఏదో ఒకటి పట్టి ఉంచాల్సిందే అన్నారు. అక్కడిప్పుడు అసలు తడిముద్దే లేకుండా, వార వెంట ప్లాస్టిక్ అంచులు తగిలించి, కొప్పు కింద గాలాడే పట్టీ పరిచి, పైపెంకుని మరతో బిగించే పద్ధతి బాగా నడుస్తోంది. ఆ 2014లోనే అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచింది. అప్పటికి ఊళ్లో సగం స్లాబులు, సగం రేకులు. వారం తర్వాత వెళ్తే రేకులు సరుగుడు తోటలో వంకర్లు తిరిగి పడి ఉన్నాయి. చాలా రేకులకి జె బోల్టు బెజ్జాలు చిరిగి ఉన్నాయి, అవీ అంచు వరస రేకులకే. బోల్టుల్ని అంచులోనూ నడుమా ఒకే దూరంలో వేసేస్తారు. అంచులో దగ్గర దగ్గరగా వేయాలని చెబితే, బోల్టు ఖరీదు చెబుతారు.

తాత చుట్టిల్లు అప్పటికే లేదు. ఆయన పోయాక అమ్మమ్మ పట్టుబట్టి స్లాబు వేయించుకుంది. అందులో చివరిదాకా హాయిగా బతికింది, చుట్టలు కిటికీ ఊచల మధ్య దోపుకునేది. మావ పశువులశాల మాత్రం తాటాకుదే. చూరుకి తాటినార బదులు నైలాను తాడు, అంతే తేడా.

ఈమధ్య బీచ్ రోడ్డులో ఒక రిసార్టువాళ్లు మావని కారులో తీసుకెళ్లారు. చుట్టిళ్లు కట్టించారట, ఏసీ పెట్టి. మొన మీద కుండ ఆకారంలో సిమెంటు పోయించారు. అక్కడినుంచి కారుతోంది, చూసిపెట్టమన్నారు. మావ చూసి, ముందు ఆ సిమెంటు పగలగొట్టండి అన్నాడు. ఫొటోల్లో అదే బాగా వస్తోంది, ఉండనివ్వండి అన్నారు. సరేనని చూరు మాత్రం తన పద్ధతిలో విప్పి కట్టిచ్చి వచ్చేశాడు. ఫోనులో ఈ కథంతా చెబుతుంటే, కూలి ఎంతిచ్చారు మావా అని అడిగాను.

"రోజుకి పన్నెండొందలు, మద్దినం బిర్యానీ."

"చోడంబలి అడగలేకపోయావా?"

"అదీ అమ్మతన్నారల్లుడూ," అన్నాడు, "గలాసు నూటేభై."